దూరాన్ని లెక్కలోంచి కొట్టేసిన బడిపంతులు

మిస్డ్ కాల్ అంటే ఏంటో మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ దాన్ని ఒక భాషలా వాడింది మన అమ్మానాన్నల తరం. ఒక రింగిచ్చి కట్ చేస్తే బస్సెక్కినట్టు, రెండు రింగులైతే ఊరు చేరినట్టు. కబురు అందుతుంది, కంపెనీకి పైసా ముట్టదు. ఇదేదో మనవాళ్లు కనిపెట్టిన తెలివి అని నేను చాలాకాలం అనుకున్నాను. కాదట. రెండొందల ఏళ్ల కిందటే ఇంగ్లండులో జనం ఉత్తరాలతో ఇదే పని చేసేవాళ్లు.

అప్పట్లో అక్కడ ఉత్తరానికి డబ్బు కట్టాల్సింది రాసినవాళ్లు కాదు, అందుకున్నవాళ్లు. కవి కోలరిడ్జ్ ఒకసారి కొండ ఊళ్లలో నడిచిపోతుంటే, ఒక ఇంటి ముందు ఒకామె ఉత్తరాన్ని తిప్పి తిప్పి చూసి డబ్బుల్లేవని పోస్టుమ్యాన్‌కి తిరిగి ఇచ్చేస్తోంది. జాలిపడి ఆయనే షిల్లింగు కట్టి విడిపించాడు. పోస్టుమ్యాన్ వెళ్లాక ఆమె అసలు సంగతి చెప్పింది. లోపల ఉన్నది తెల్లకాగితం. దూరాన ఉన్న సోదరుడు అప్పుడప్పుడూ అలా పంపుతాడు, ఈమె వద్దని వెనక్కి పంపేస్తుంది. ఉత్తరం వచ్చిందంటే మనిషి క్షేమం. అంతే కావాలి. ఈ కథను తర్వాత చాలామంది రోలండ్ హిల్‌కి అంటగట్టారు. ఆయన జీవితంలో జరిగింది మాత్రం ఇది కాదు. జరిగింది ఇంకా బాధపెట్టేది.

హిల్ 1795 డిసెంబర్ 3న ఇంగ్లండులోని కిడ్డర్‌మిన్‌స్టర్‌లో పుట్టాడు. తండ్రి బడి నడిపేవాడు. ఆలోచనలు ఆకాశంలో, ఆదాయం అడుగున ఉండే మనిషి. ఇంట్లో కష్టాలన్నీ తల్లి ఈ పిల్లాడికే ఎక్కువ చెప్పుకునేదట. ఒకరోజు ఆమె భయం ఏమిటంటే, ఇంట్లో ఒక్క షిల్లింగు కూడా లేదు, ఈ సమయంలో పోస్టుమ్యాన్ ఉత్తరం పట్టుకుని తలుపు తడితే ఏం చెయ్యాలి? ఆమె పాత గుడ్డపేలికలు పారెయ్యకుండా దాచేది, తెల్లవి ఒక సంచిలో, రంగువి ఒక సంచిలో. ఆ సంచులు పిల్లాడి చేతికిచ్చి అమ్ముకురమ్మని పంపింది. మూడు షిల్లింగుల దాకా వచ్చాయి. ఆ రోజుల్లో కాగితం తయారయ్యేది ఆ పేలికలతోనే. ఉత్తరం విడిపించుకోవడానికి కాగితపు ముడిసరుకు అమ్ముకోవాల్సి రావడం, ఆలోచిస్తే ఎక్కడో గుచ్చుకుంటుంది.

పన్నెండేళ్లు వచ్చేసరికి తండ్రి బడిలోనే చదువుకుంటూ చదువు చెప్పడం మొదలుపెట్టాడు. 1819లో అన్నదమ్ములంతా కలిసి బర్మింగ్‌హామ్ దగ్గర హేజల్‌వుడ్ అనే బడి కట్టారు. ఈ బడి గురించి కాసేపు చెప్పుకోవాలి. మిగతా బళ్లలో బెత్తం రాజ్యమేలుతున్న కాలంలో ఇక్కడ బెత్తం లేదు. రూల్స్ పిల్లలే ఓటేసి పెట్టుకునేవాళ్లు. తప్పు చేస్తే పిల్లల కోర్టు, పిల్లల జ్యూరీ. జరిమానా బడిలో చెల్లే సొంత నాణేలతో. పిల్లలే రాసి అచ్చేసుకునే ఒక పత్రిక కూడా ఉండేది (మన క్లబ్ ఎడిటర్లు గమనించాలి). డెడ్‌లైన్లు వాళ్లయినా పాటించారో లేదో.

హిల్‌లో బడిపంతులు ఎంతో యంత్రాల పిచ్చివాడు కూడా అంతే. కాగితపు చుట్టను ఆపకుండా తిప్పుతూ అచ్చువేసే రోటరీ ప్రెస్సుకి 1835లో పేటెంట్ తీసుకున్నాడు. అది వాడకంలోకి రాలేదు. కారణం యంత్రం కాదు. ఆ రోజుల్లో వార్తాపత్రికల మీద పన్ను ఉండేది, ప్రతి షీటు మీదా విడిగా పన్నుముద్ర పడి తీరాలి. చుట్ట మీద అలా కుదరదు. రూలు మార్చమని అడిగితే ఖజానా ఒప్పుకోలేదు. టెక్నాలజీ సిద్ధంగా ఉన్నా, పన్ను వసూలు చేసే పద్ధతి దాన్ని ఆపేస్తుందని ఆయనకు అప్పుడే అనుభవమైంది. తపాలా మీద చేయి వేసేముందు ఆయనకు దొరికిన మంచి ట్రైనింగ్ ఇదేనని నాకనిపిస్తుంది.

ఇక తపాలా. అప్పటి రేట్లు చూస్తే మన టెలికాం ప్లాన్లే నయం అనిపిస్తుంది. రేటు దూరాన్ని బట్టీ, కాగితాల సంఖ్యను బట్టీ. లండన్ నుంచి బ్రైటన్‌కి 8 పెన్నీలు, బర్మింగ్‌హామ్‌కి 9, ఎడిన్‌బరోకి ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ. షిల్లింగుకి 12 పెన్నీలు. పొలం కూలీకి వారమంతా పనిచేస్తే పది షిల్లింగులు రావడమే గొప్ప. రెండు కాగితాలుంటే రెట్టింపు, కవరు పెడితే అదీ ఒక కాగితం కింద లెక్కే. లోపల ఎన్ని ఉన్నాయో తేల్చడానికి గుమాస్తాలు ఒక్కో ఉత్తరాన్ని కొవ్వొత్తి వెలుగుకి పెట్టి చూసేవాళ్లు. జనం కూడా తక్కువ తినలేదు. ఒకే కాగితం మీద అడ్డంగా రాసి, దాన్నే తిప్పి నిలువుగా రాసేవాళ్లు. పన్ను కట్టిన వార్తాపత్రికలు పోస్టులో ఉచితంగా పోతాయి కాబట్టి, పాత పేపరులో అక్షరాల కింద సూదితో చుక్కలు పొడిచి కబురు పంపేవాళ్లు. ఇక పార్లమెంటు సభ్యుల ఉత్తరాలకు అసలు చార్జే లేదు, వాళ్ల సంతకం ఉంటే చాలు. ఆ సంతకాలు స్నేహితులకీ బంధువులకీ ధారాళంగా పంచేవాళ్లు. అంటే కట్టగలిగినవాడికి ఫ్రీ, కట్టలేనివాడికి షిల్లింగు.

1830ల్లో రాబర్ట్ వాలెస్ అనే స్కాట్లండ్ ఎంపీ ఈ వ్యవస్థ మీద పార్లమెంటులో విడవకుండా పోరాడుతున్నాడు. ఆయన పంపిన సర్కారీ నివేదికల కట్టలు హిల్ ముందేసుకుని కూర్చున్నాడు. అప్పటిదాకా హిల్ ఒక్కసారి కూడా పోస్టాఫీసు లోపలికెళ్లి పని చూసినవాడు కాదు. ఉన్నవల్లా అంకెలు. మొదట కంట్లో పడింది ఏంటంటే, 1815 నుంచి 1835 దాకా ఇరవై ఏళ్లలో జనాభా పెరిగింది, వ్యాపారం పెరిగింది, తపాలా నికర ఆదాయం మాత్రం 15 లక్షల పౌండ్ల చుట్టూనే గిరగిరా తిరుగుతోంది. పైగా కాస్త తగ్గింది కూడా. ధర ఎక్కువై జనం ఉత్తరాలు మానేశారు, లేదా దొంగదారిలో పంపుతున్నారు.

తర్వాత ఆయన వేసిన లెక్క మన రఫ్ నోట్సు వెనక పేజీలో పట్టేంతది. లండన్ నుంచి ఎడిన్‌బరో 400 మైళ్లు. మెయిల్ బండి ఒక ట్రిప్పుకయ్యే ఖర్చు 5 పౌండ్లు, అంటే 1200 పెన్నీలు. బండిలో సంచుల బరువు తీసేస్తే తపాలా సుమారు 6 హండ్రెడ్‌వెయిట్, మన లెక్కలో 305 కిలోలు. ఒక్కో ఉత్తరం పావు ఔన్సు, అంటే 7 గ్రాములు వేసుకుంటే 43 వేల ఉత్తరాలు. 1200ని 43 వేలతో భాగించండి. పెన్నీలో 36వ వంతు! జనం దగ్గర వసూలు చేస్తున్నది పదమూడున్నర పెన్నీలు.

మరి మిగతా డబ్బంతా ఎటు పోతోంది? కొంత పన్ను. మిగిలిన దాంట్లో పెద్ద భాగం ఈ లెక్కలు చూసుకోవడానికే. కొవ్వొత్తి దగ్గర పట్టి చూడటం, దూరం చూసి ఒక్కో ఉత్తరం మీదా చార్జి రాయడం, ఏ పోస్టుమాస్టరు ఎంత వసూలు చెయ్యాలో పద్దులు రాయడం, పోస్టుమ్యాన్ గడప ముందు చిల్లర కోసం నిలబడటం. దూరానికి కాదు ఖర్చవుతున్నది, దూరాన్ని లెక్కపెట్టడానికి. అలాంటప్పుడు దూరాన్ని లెక్కలోంచి తీసేస్తే సరి. దేశంలో ఎక్కడికైనా అర ఔన్సు దాకా ఒకటే పెన్నీ, అది కూడా రాసినవాడే ముందుగా కట్టాలి. ముందుగా కట్టినట్టు గుర్తుగా వెనకాల జిగురు రాసిన చిన్న కాగితం ముక్క అతికిస్తే చాలు. అదే స్టాంపు. స్టాంపు ఆలోచన ముందు తమ తండ్రిదేనని డండీ పుస్తక వ్యాపారి జేమ్స్ చామర్స్ కొడుకు తర్వాత చాలాకాలం పోట్లాడాడు. నా మటుకు నాకు ఆ తగాదా అంత ముఖ్యం కాదు. కాగితం ముక్క ఎవరికైనా తట్టొచ్చు. 36వ వంతు తట్టడమే కష్టం.

మన దగ్గర ఇదే కథ ఎంత ఆలస్యంగా జరిగిందో చూడండి. 2003 దాకా సెల్‌ఫోన్‌కి ఇన్‌కమింగ్ వచ్చినా ఎత్తినవాడి జేబులోంచే డబ్బు పోయేది. ఎస్టీడీ రేట్లు దూరాన్ని బట్టి ఉండేవి, 2006లో బీఎస్‌ఎన్‌ఎల్, ఎంటీఎన్‌ఎల్ దేశమంతా నిమిషానికి ఒకే రూపాయి అనే ప్లాన్ తెచ్చేదాకా. హిల్ చెప్పిన రెండు ముక్కలే అవి. చేసినవాడు కట్టాలి, దూరం చూడకూడదు.

1837లో హిల్ ఈ లెక్కలన్నీ ఒక చిన్న పుస్తకంగా వేశాడు. పోస్టాఫీసు పెద్దలు మండిపడ్డారు. పోస్ట్‌మాస్టర్ జనరల్ లార్డ్ లిచ్‌ఫీల్డ్ దీన్ని పిచ్చి ఊహ కింద కొట్టిపారేశాడు. శాఖ సెక్రటరీ కల్నల్ మేబర్లీ ఆదాయం కూలిపోతుందన్నాడు. కానీ జనం పట్టుకున్నారు. లండన్ వ్యాపారులు ఒక కమిటీ వేసుకున్నారు, హెన్రీ కోల్ అనే గడుసు మనిషి దానికి ప్రచారం నడిపించాడు. పార్లమెంటుకి రెండు వేలకు పైగా అర్జీలు వెళ్లాయి. వాలెస్ అధ్యక్షతన కమిటీ కూర్చుని సాక్ష్యాలు విన్నది. చివరికి 1839 ఆగస్టు 17న చట్టం వచ్చింది. అలవాటు కావడానికి డిసెంబర్‌లో నాలుగు పెన్నీల రేటు పెట్టి, 1840 జనవరి 10న ఒక పెన్నీకి దించారు. ఆ ఒక్కరోజే లండన్‌లో లక్షకు పైగా ఉత్తరాలు పడ్డాయి. ఎంపీల ఫ్రీ సంతకాలు అదే రోజుతో బంద్. రాణిగారి ఉత్తరానికి కూడా ఇక చార్జీ కట్టాల్సిందే.

మే 6 నుంచి రాణి బొమ్మతో నల్ల స్టాంపు వాడకంలోకి వచ్చింది. పెన్నీ బ్లాక్ అంటారు, ప్రపంచంలో మొదటి తపాలా స్టాంపు. దేశం పేరు వెయ్యలేదు, ఎందుకంటే పోటీగా ఇంకో దేశం స్టాంపు లేదు. ఇప్పటికీ బ్రిటన్ స్టాంపు మీద దేశం పేరు ఉండదు. దాంతోపాటు అచ్చేసిన మల్‌రెడీ కవర్ల బొమ్మని చూసి జనం ఎంత నవ్వారంటే, వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పెన్నీ బ్లాక్‌తోనూ ఒక తంటా. రద్దు ముద్ర ఎర్ర సిరా, జనం దాన్ని కడిగేసి స్టాంపు మళ్లీ వాడేవాళ్లు. మరుసటి ఏడు స్టాంపునే ఎర్రగా మార్చి ముద్రని నల్లగా చేశారు. వెర్షన్ 1లో బగ్ ఉండటం పాత సంప్రదాయమే.

ఉత్తరాలు 1839లో ఏడున్నర కోట్లు ఉంటే 1840లో పదహారున్నర కోట్లు దాటాయి. రెట్టింపు. హిల్ మాత్రం అయిదు రెట్లవుతాయని నమ్మబలికాడు. దానికి పదమూడేళ్లు పట్టింది. నికర ఆదాయం 16 లక్షల పౌండ్ల నుంచి 5 లక్షలకి కూలింది, పాత స్థాయికి చేరేసరికి రెండు దశాబ్దాలు దాటింది. మేబర్లీ హెచ్చరిక పూర్తిగా తప్పు కాదన్నమాట. ఇక్కడ అసలు ప్రశ్న ఇంకోటి. ఆ పోయిన పదకొండు లక్షలు నష్టమా, లేక జనం జేబులోంచి ఇన్నాళ్లూ అన్యాయంగా లాక్కున్నది ఆగిపోవడమా? 1842లో కొత్తగా వచ్చిన పీల్ ప్రభుత్వం నష్టం అనే అనుకుంది. హిల్‌ని ఖజానాలో ఉద్యోగంలోంచి పంపించేసింది.

తర్వాత కొన్నేళ్లు లండన్-బ్రైటన్ రైల్వేకి డైరెక్టరుగా, ఛైర్మన్‌గా చేశాడు. ఎక్స్‌ప్రెస్ రైళ్లు, ఆదివారాలు చవక టికెట్ల రైళ్లు నడిపించాడు. పేదవాళ్లు సముద్రం చూశారు. జనం చందాలు వేసుకుని 13 వేల పౌండ్లు బహుమతిగా ఇచ్చారు. 1846లో ప్రభుత్వం మారగానే మళ్లీ తపాలాలోకి పిలుపొచ్చింది. 1854లో శాఖ సెక్రటరీ అయ్యాడు, అంటే మేబర్లీ కుర్చీ. 1864లో రిటైరయ్యేనాటికి ఏడాదికి ఉత్తరాలు 60 కోట్లు దాటాయి.

మనిషి అంత సులువైనవాడేం కాదు. తను చెప్పిందే వేదం, కింద పనిచేసేవాళ్లతో పొసగదు. నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ అదే శాఖలో ఉద్యోగి, హిల్ అంటే ఆయనకి గిట్టదు, ఆ సంగతి తన ఆత్మకథలో దాచుకోలేదు కూడా. రోడ్డు పక్క పోస్టుడబ్బా పెట్టమని 1850ల మొదట్లో ఛానల్ దీవుల నుంచి సిఫారసు చేసింది ఆ ట్రోలపే. హిల్ ఉత్తరం ధర తగ్గించాడు, ట్రోలప్ పోస్టాఫీసు దాకా నడవాల్సిన దూరం తగ్గించాడు. ఇద్దరికీ మాటల్లేకపోయినా పని ఒకటే.

హిల్ పుస్తకంలో చాలామంది దాటేసే ఒక చోటు ఉంది. ఆయన మొదటి ప్లానులో ఆ ఒక్క పెన్నీ దేశంలో ప్రతి గడపకీ కాదు. పోస్టాఫీసున్న పట్నం నుంచి ఇంకో పట్నానికే పెన్నీ. అక్కడి నుంచి చిన్న ఊళ్లకి వెళ్లే ఉత్తరాన్ని ఆయన రెండో బట్వాడాగా లెక్కేశాడు. ఆ ఖర్చు ఆ ఊళ్లవాళ్లే భరించాలి, దాని ఖర్చు అదే రాబట్టుకోవాలి. లెక్క ప్రకారం నూటికి నూరుపాళ్లు కరెక్టే. 36వ వంతు పట్నాల మధ్య బండిది. కొండెక్కి ఒక్క ఇంటికి ఒక్క ఉత్తరం ఇచ్చొచ్చే మనిషి ఖర్చు ఆ లెక్కలో ఇమడదు. పేలికలు అమ్ముకున్న ఇంటి పిల్లాడే ఆ ఊళ్లని విడిగా పెట్టేశాడు. ఇది చదివినప్పుడు నాకు కాస్త కష్టమే అనిపించింది. ఆఖరికి అమల్లోకి వచ్చేటప్పటికి రేటు అందరికీ ఒకటే అయింది. కానీ రేటు ఒకటైనంత మాత్రాన పోస్టుమ్యాన్ రాడు. చాలా పల్లెల ఉత్తరాలు దగ్గరి పట్నంలోనే ఆగిపోయేవి, ఎవరో ఒకరు వెళ్లి తెచ్చుకోవాలి.

మనకీ తెలిసిన ఇబ్బందే ఇది. డేటా రేటు హైదరాబాద్‌లో ఎంతో ఏజెన్సీ తండాలోనూ అంతే, సిగ్నల్ కోసం మాత్రం గుట్టెక్కాలి. ఒక టవరు తన ఖర్చు తనే రాబట్టుకోవాలని పట్టుబడితే ఆ గుట్ట మీద టవరు ఎప్పటికీ లేవదు. అందుకే మన దేశంలో టెలికాం కంపెనీల ఆదాయంలోంచి కొంత వాటా తీసి, పల్లెల కోసం యూనివర్సల్ సర్వీస్ నిధి పెట్టారు. 2003లో దానికి చట్టబలం వచ్చింది, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. అయినా 2017-18 జాతీయ శాంపిల్ సర్వేలో ఇంటర్నెట్ అందుబాటు పట్నాల్లో నూటికి 42 ఇళ్లకి, పల్లెల్లో 15 ఇళ్లకే. రెండేళ్లు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చి క్లాసులన్నీ ఫోన్లలోకి ఎక్కాయి. ఆ 15లో లేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు మన సీనియర్లలోనే ఉన్నారు.

ఇంకో అడ్డు ఉంది, దానికి ఏ రేటూ మందు కాదు. పెన్నీ తపాలా వచ్చిన రోజుల్లో ఇంగ్లండులో పెళ్లి రిజిస్టర్లో సంతకం పెట్టలేక గుర్తు గీసినవాళ్లు మగవాళ్లలో మూడోవంతు, ఆడవాళ్లలో దాదాపు సగం. వాళ్లకి పెన్నీ అయినా షిల్లింగైనా ఉత్తరం ఉత్తరమే, చదివేవాళ్లు కావాలి. ముందుగా బాగుపడింది వ్యాపారులు, ఆ తర్వాత సంఘాలు. ధాన్యం చట్టాల మీద ఉద్యమం నడిపినవాళ్లు ఊరూరా కరపత్రాలు పోస్టులో కుమ్మరించారు. హెన్రీ కోల్ 1843లో మొదటి క్రిస్మస్ గ్రీటింగ్ కార్డు అచ్చేయించాడు. పేదిల్లు వరసలో వెనకే.

హిల్ ఆలోచన మన దేశానికి 1854 అక్టోబర్‌లో వచ్చింది. అంతకుముందు 1837 చట్టం కింద కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువు ఉత్తరానికి రూపాయి. కొత్త చట్టంతో కంపెనీ ఏలుబడిలో ఎక్కడికైనా పావు తులానికి అర అణా. మద్రాసు రాజధానిలో ఉన్న మన కోస్తా, సీమ జిల్లాలు కూడా ఆ లెక్కలోకే వచ్చాయి. 1879 జులై 1న పావు అణా కార్డు వచ్చింది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి మూలల దాకా కిక్కిరిసేలా రాసే కార్డు ముక్క అదే. చదువు రాని ఇంట్లో అది తెచ్చిన పోస్టుమ్యానే చదివి పెట్టేవాడు.

ఆ కార్డు వచ్చిన రెండు నెలలకే, 1879 ఆగస్టు 27న, లండన్ హ్యాంప్‌స్టెడ్‌లోని ఇంట్లో హిల్ కన్నుమూశాడు. 83 ఏళ్లు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో పెద్దల పక్కన సమాధి చేశారు. ఆయన దేశంలో ప్రతి ఇంటి గడప దాకా ఉత్తరం తెచ్చిచ్చే ఏర్పాటు మాత్రం విక్టోరియా రాణి అరవయ్యేళ్ల ఉత్సవాల నాడు, 1897లో గానీ కాలేదు. పెన్నీ వచ్చిన 57 ఏళ్లకి.